పది మిల్లీగ్రాముల మాత్ర: నొప్పికెంత, నిద్రకెంత

మంగళగిరిలో షుగరున్న పెద్దవాళ్ళ మందుల డబ్బా తీసి చూస్తే, మెట్‌ఫార్మిన్, బీపీ బిళ్ళ, గ్యాస్ బిళ్ళల మధ్య ఒక చిన్న మాత్రల షీటు తరచుగా కనిపిస్తుంది. అమిట్రిప్టిలిన్ 10. రాత్రి పూట ఒకటి. దేనికని అడిగితే ఒకరు అరికాళ్ళ మంటలకంటారు, ఒకరు నిద్రకంటారు, ఇంకొకరు ‘నరాల బిళ్ళ’ అని ఊరుకుంటారు. ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఫోనులో ఆ పేరు కొట్టి చూశారంటే మొదటి వరుసలోనే డిప్రెషన్ మందు అని వస్తుంది. ఆ రాత్రి నుంచే మాత్ర ఆగిపోతుంది. ‘నాకేమన్నా పిచ్చి పట్టిందా?’ అన్న ప్రశ్న డాక్టరు దాకా పోదు, ఇంట్లోనే తేలిపోతుంది.

డిప్రెషన్‌కు ఈ మందు వాడేటప్పుడు రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా వెళ్తారు. 10, 25 మిల్లీగ్రాముల దగ్గర అది మనసు దిగులును తీర్చే మోతాదు కాదు. అక్కడ దాని పనులు వేరు. చిక్కేమిటంటే, ఆ వేరే పనులన్నిటికీ ఆధారాలు ఒకే బలంతో లేవు. దెబ్బతిన్న నరాల మంటకు బాగానే ఉన్నాయి, నిద్రకు పలచగా ఉన్నాయి, మగ్గం మీద కూర్చుని వచ్చిన నడుము నొప్పికి ఇంకా పలచన. చీటీలో మాత్రం మూడింటికీ అదే వరుస: ‘10 మి.గ్రా., రాత్రి’.

ఈ మందుల పుట్టుకకూ మంగళగిరికీ దూరపు చుట్టరికం ఒకటుంది. కొండ పక్కన ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న నేల ఒకప్పుడు టీబీ శానిటోరియానిది. 2019 మార్చిలో అక్కడ ఓపీ మొదలైంది, 2024 ఫిబ్రవరి 25న ప్రధాని ఆసుపత్రిని ప్రారంభించారు. డిప్రెషన్‌కు మొట్టమొదటి మందు దొరికింది కూడా ఒక టీబీ ఆసుపత్రిలోనే. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో ఐప్రోనియజిడ్ అనే కొత్త టీబీ మందు ఇస్తే, మంచాలకు అతుక్కుపోయిన రోగులు లేచి తిరగసాగారు, ఆకలేస్తోందన్నారు, నవ్వారు. మందు పని ఊపిరితిత్తులతోనే ఆగలేదని డాక్టర్లకు అర్థమైంది. తర్వాత 1957లో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ గురించి ప్రకటించాడు. స్కిజోఫ్రీనియాకు పనికొస్తుందేమోనని గైగీ కంపెనీ ఇచ్చిన ఆ మందు, దిగులుతో కుంగిపోయినవాళ్ళను లేపింది. 1960లోనే ఫ్రెంచి డాక్టర్లు దాన్ని నొప్పులకు వాడి చూశారు. 1961లో అమెరికాలో అమిట్రిప్టిలిన్‌కు అనుమతి వచ్చింది. అంటే నొప్పికి వాడటం నిన్న మొన్న డాక్టర్లు కనిపెట్టిన అడ్డదారి కాదు, మందు వయసూ ఆ వాడకం వయసూ దాదాపు ఒకటే.

పనిచేసే తీరు తెలిస్తే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది. ఈ మందుల పూర్వీకులు అలర్జీ మందులు. దురదకని ఎవిల్ మాత్ర వేసుకుంటే మత్తుగా ఎందుకుంటుందో, చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్ వేసుకుంటే నిద్ర ఎందుకొస్తుందో, రెండింటికీ కారణం ఒకటే. మెదడును మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను అవి అడ్డుకుంటాయి. ఇందుకు కొద్ది మిల్లీగ్రాములు చాలు, మొదటి రాత్రే తెలుస్తుంది. నొప్పి సంగతి వేరు. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారి ఒకటుంది. కింద నుంచి వచ్చే నొప్పి కబురును అది అక్కడే కొంత అణచేస్తుంది. ఆ దారికి ఇంధనం నార్‌అడ్రినలిన్. ఈ మందులు దాన్ని నిలబెడతాయి, నరాల్లోని సోడియం ద్వారాలను కూడా కొంత మూస్తాయి. ఇది ఒక రాత్రిలో జరిగే పని కాదు. రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. వారం వాడి ‘మంటలు తగ్గలేదు, పొద్దున్నే మబ్బుగా ఉంటోంది’ అని మానేసినవాళ్ళు మందులోని చెడును మాత్రమే చూసి మంచి రాకముందే ఆపేసినట్టు. ఈ ఒక్క మాట చీటీ రాసే చోట చెబితే సగం మంది నిలబడతారని నా నమ్మకం. కిటకిటలాడే ఓపీలో ఆ మాటకే తీరిక దొరకదు.

నరాల మంట దగ్గరికి ముందు వెళ్దాం, ఆధారం గట్టిగా ఉన్నది అక్కడే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే మన దేశంలో షుగరున్న వాళ్ళు 10 కోట్లు దాటారని లెక్కగట్టింది. ఏళ్ళ తరబడి షుగరు అదుపు తప్పితే ముందు పాదాల చివర నరాలు దెబ్బతింటాయి. రోగులు చెప్పే మాటలు వింటే చాలు, పరీక్ష చేసినంత పని: సూదులు గుచ్చినట్టుంది, కారం రాసినట్టుంది, చెప్పు జారిపోయినా తెలియట్లేదు, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. పగలు పనిలో పడి మరిచిపోయే మంట రాత్రి పడుకోగానే లేస్తుంది. అమెరికాలో మిచెల్ మాక్స్ బృందం 1987లో అమిట్రిప్టిలిన్ ఇచ్చి చూసినప్పుడు, దిగులు ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఒకేలా మంట తగ్గింది. పిచ్చి మందేమోనని బెదిరే ఇంటికి చెప్పాల్సిన ఫలితమిదే. 1992లో అదే బృందం ఇంకో పరీక్ష చేసింది. అమిట్రిప్టిలిన్, డెసిప్రమిన్ నొప్పి తగ్గించాయి. ఫ్లుయోక్సెటిన్ మాత్రం ఉత్తుత్తి మాత్రను మించలేదు. డిప్రెషన్‌కు పనికొచ్చే మందల్లా నొప్పికి పనికిరాదని అప్పుడే తేలింది.

మరి ఎంత తగ్గుతుంది? 2015లో అంతర్జాతీయ నిపుణుల బృందం అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసింది. ఈ పాత తరం మందులు సుమారు నలుగురికి ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు అదనంగా ఒకరికి నొప్పి సగానికి దిగుతుందని చెప్పింది. 2025లో మళ్ళీ లెక్కేస్తే అది నలుగురైదుగురికి ఒకరుగా మారింది. ఇదే నొప్పికి వాడే ప్రీగబాలిన్, గాబాపెంటిన్‌లతో లాభం ఇంతకంటే తక్కువే. 2022లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం 130 మంది షుగరు రోగులకు అమిట్రిప్టిలిన్, కొత్త తరం డిప్రెషన్ మందు డులోక్సెటిన్, ప్రీగబాలిన్ మూడూ మార్చి మార్చి ఇచ్చింది. దేనితో మొదలుపెట్టినా, చాలనప్పుడు ఇంకొకటి జోడిస్తే, పదికి 6.6గా ఉన్న నొప్పి 3.3కు దిగింది. మూడూ సమానమే. అలాంటప్పుడు రోజుకు రెండు మూడు రూపాయల మాత్రను వదిలి ఖరీదైన దానితో మొదలుపెట్టడానికి రోగి గుండెలోనో, ప్రోస్టేట్‌లోనో, వయసులోనో కారణముండాలి. కంపెనీ ప్రతినిధి బ్యాగులో కాదు.

అవతలి పక్షం వాదన కూడా వినాలి. కొక్రేన్ సంస్థ 2015లో అమిట్రిప్టిలిన్ మీది పరీక్షలను జల్లెడ పట్టి, అవి చిన్నవి, పాతవి, పక్షపాతానికి చోటున్నవి అంది. అయినా దశాబ్దాలుగా ఎందరికో పనిచేసిన మందును ఆ కారణంతో వదిలేయొద్దని, తృప్తికరంగా తగ్గేది కొద్దిమందికేనని ఒప్పుకోవాలని కూడా అంది. 2023లో అదే సంస్థ దీర్ఘకాలపు నొప్పులకు వాడే డిప్రెషన్ మందులన్నిటి మీదా 176 పరీక్షలను, 28 వేలకు పైగా రోగులను కలిపి చూసింది. నమ్మకంగా చెప్పగలిగింది డులోక్సెటిన్ గురించి మాత్రమే. అదీ 60 మిల్లీగ్రాములు చాలు, పెంచినా అదనపు లాభం లేదు. ఆ పరీక్షలు సగటున పది వారాలే నడిచాయి. మన వాళ్ళు మాత్రం పదేళ్ళు వాడతారు.

ఇక నడుము. మంగళగిరి చీర నేసేది గుంత మగ్గం మీద. నేత మనిషి నేలమట్టంలో కూర్చుని, కాళ్ళు గుంతలోకి వేలాడేసి, రెండు కాళ్ళతో చెక్కలు మార్చి మార్చి తొక్కుతూ, ఒక చేత్తో నాడె లాగుతూ, రెండో చేత్తో పలక కొడుతూ పొద్దుగూకే దాకా ముందుకు వంగే ఉంటాడు. వీపుకు ఆనుడు లేదు. ఇంట్లో ఆడవాళ్ళు రాట్నం మీద కండెలు చుడతారు, వాళ్ళకు భుజాలు, మెడ పట్టేస్తాయి. ఇలాంటి నొప్పికి అమిట్రిప్టిలిన్ ఎంతవరకు? ఆస్ట్రేలియాలో 146 మంది నడుము నొప్పి రోగులకు 25 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు ఇచ్చి, 2018లో ఫలితం ప్రకటించారు. ఆరో నెలలో నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూడో నెలలో పనులు చేసుకునే తీరు కొంత మెరుగైంది. బ్రిటన్ మార్గదర్శకాల సంస్థ 2016లోనే మామూలు నడుము నొప్పికి డిప్రెషన్ మందులు రాయొద్దంది. అదే సంస్థ 2021లో, కారణం దొరకని దీర్ఘకాలపు ఒళ్ళు నొప్పులకు మాత్రం పారాసిటమాల్, డైక్లోఫెనాక్ జాతి మందులు, ప్రీగబాలిన్ అన్నీ వద్దని, ఇవ్వదలిస్తే డిప్రెషన్ మందే ఆలోచించమని చెప్పింది. ఒకే దేశం, రెండు నొప్పులు, రెండు తీర్పులు. మగ్గం నడుముకు ఆసనం ఎత్తు, గుంత లోతు, గంటకోసారి లేచి నిలబడటం చూడకుండా రాత్రి మాత్ర రాస్తే, నొప్పి అలాగే ఉంటుంది, పొద్దున మగ్గం మీద కునుకు అదనం.

మోకాళ్ళ అరుగుదలకు అమిట్రిప్టిలిన్ కంటే డులోక్సెటిన్ మీద కొంత ఆశ ఉంది. 2010లో అమెరికా ఈ జాతి కీళ్ళ, నడుము నొప్పులకు దాన్ని అనుమతించింది. 2021లో బీఎంజేలో వచ్చిన సమీక్ష ప్రకారం ఈ కొత్త తరం మందులతో వందకు మోకాలి నొప్పి పది పాయింట్ల దాకా, నడుము నొప్పి ఐదు పాయింట్లు తగ్గాయి. పానకాల స్వామి మెట్లెక్కేటప్పుడు పది పాయింట్లు తెలుస్తాయేమో గాని, ఐదు పాయింట్ల తేడా రోగికి తెలియడం కష్టం.

నిద్ర విషయంలో నాకు సహనం తక్కువ. ఇక్కడ అలవాటు ముందు నడిచింది, రుజువు వెనక పడింది. కొక్రేన్ 2018లో నిద్రలేమికి వాడే డిప్రెషన్ మందుల మీద 23 అధ్యయనాలు చూసింది. అందరూ రాసే అమిట్రిప్టిలిన్ మీద లెక్కలోకి తీసుకోదగ్గ పరీక్ష ఒక్కటీ దొరకలేదు. అమెరికాలో విరివిగా రాసే ట్రాజడోన్‌ను నిద్రలేమికి వాడొద్దని 2017లో అక్కడి నిద్ర వైద్యుల సంఘమే సూచించింది. గట్టి పరీక్షలతో నిలబడింది డాక్సెపిన్. అదీ 3, 6 మిల్లీగ్రాముల బుల్లి మోతాదులో, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టనివాళ్ళకు 2010లో అనుమతి పొందింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో 80 మందితో జరిగిన పరీక్షలో చిన్న మోతాదు మిర్టజపిన్ ఆరు వారాలకు బాగా పనిచేసింది, తర్వాత ఆ తేడా నిలవలేదు. అదే పరీక్షలో అమిట్రిప్టిలిన్ లాభం రోగికి పట్టేంత లేదు. పైగా మిర్టజపిన్ ఆకలిని, బరువును పెంచుతుంది. షుగరున్న ఇంట్లో ఆ బేరం కుదరదు.

కాళ్ళ మంటల వల్ల నిద్ర పట్టనివాళ్ళకు మాత్రం ఈ మాత్ర నిజంగా కలిసొస్తుంది. రెండు పనులూ ఒకే రాత్రి మాత్రతో అవుతాయి. మంటల్లేకుండా ఉత్త నిద్రలేమికి రాసేటప్పుడే ఒక లెక్క చూడాలి. రాత్రి సీరియల్ అవగానే ఎనిమిదిన్నరకు పడుకుని, రెండున్నరకు మెలకువ వచ్చి, ‘నిద్రే పట్టట్లేదు డాక్టరు గారూ’ అనే పెద్దాయన ఆరు గంటలు నిద్రపోయినట్టే. మధ్యాహ్నం కునుకు కలిపితే ఏడు. ఆయనకు కావలసింది పదకొండింటి దాకా మేలుకుని ఉండటం. నిద్రలేమికి మొదటి చికిత్సగా అమెరికా, యూరప్ వైద్య సంఘాలు చెప్పేది మాత్రను కాదు, ఇలా మంచం మీద గడిపే సమయాన్ని కుదించి, లేచే వేళను బిగించే పద్ధతినే. దాన్ని నేర్పే మనస్తత్వ నిపుణులు మన ఊళ్ళలో అరుదు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్‌కు, 14416 నెంబరులో, తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడొచ్చని మాత్రం చాలామందికి తెలియదు.

‘కాళ్ళు లాగుతున్నాయి’ అన్న ఫిర్యాదు దగ్గర ఇంకో గుంట ఉంది. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకినట్టుండి, కాళ్ళు కదిపితే గాని ఊరట లేకపోతే అది షుగరు మంట కాకపోవచ్చు, స్థిమితం లేని కాళ్ళ జబ్బు కావచ్చు. రక్తంలో ఇనుము తగ్గినవాళ్ళలో ఇది ఎక్కువ, మన ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నవాళ్ళే. అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్ ఈ జబ్బును పెంచగలవు. ‘లాగుళ్ళు’ అనగానే నరాల బిళ్ళ రాసేస్తే, నిద్ర చెడగొట్టే జబ్బుకు దాన్ని పెంచే మందే ఇచ్చినట్టవుతుంది. ఒక ఫెరిటిన్ పరీక్ష, మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళకైతే ఒక బి12 పరీక్ష ముందు చేయిస్తే చీటీ వేరేగా ఉంటుంది.

ఇప్పుడు మెడికల్ షాపు.

“ఆ నరాల బిళ్ళలు పది ఇవ్వయ్యా.”

“చీటీ ఉందా బాబాయ్?”

“పోయిన నెల నువ్వే ఇచ్చావుగా, పసుపు రంగువి.”

కత్తెర ఆడుతుంది, షీటులో పది తెగి చేతికొస్తాయి, పేరున్న చివర షాపులోనే ఉండిపోతుంది. అవి ఉత్త అమిట్రిప్టిలినో, ఏ కలగలుపో ఇంటికెళ్ళాక చెప్పే దారి లేదు. మన మార్కెట్ నిండా కలగలుపు మాత్రలే. ప్రీగబాలిన్ 75, నార్‌ట్రిప్టిలిన్ 10, మిథైల్‌కోబాలమిన్ 1500 ఒకే బిళ్ళలో వస్తాయి. నార్‌ట్రిప్టిలిన్ చెడ్డదేం కాదు. అమిట్రిప్టిలిన్ మన శరీరంలో మారాక తయారయ్యేది అదే, మత్తు తక్కువ, పెద్దవాళ్ళకు కాస్త మేలు. దాన్ని గాబాపెంటిన్‌తో కలిపి వాడితే విడివిడిగా కంటే బాగుందని 2009లో కెనడా పరీక్ష చూపింది. కానీ ఆ పరీక్షలో రెండిటి మోతాదునూ మనిషిని బట్టి పెంచారు. కట్టగట్టిన బిళ్ళలో ఒకటి పెంచాలంటే మూడూ పెరుగుతాయి, కాళ్ళు వాచి, తల తిరిగితే దేనివల్లో తేలదు. ఇంకా ప్రమాదకరమైనది క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిపిన అమిట్రిప్టిలిన్. ఇందులో మొదటిది అలవాటు పడే మత్తుమందు, అల్ప్రజోలమ్‌కు పెద్దన్న. తెలంగాణ కల్లు దుకాణాల్లో అల్ప్రజోలమ్ కలిపిన కల్లు దొరక్క వణికి ఆసుపత్రి పాలైనవాళ్ళ వార్తలు మనం చదివినవే. అదే జాతి మందు ‘నిద్రకు, గుండె దడకు’ అని చీటీ మీద ఏళ్ళ తరబడి నడుస్తుంటే ఎవరికీ పట్టదు. ఉత్త అమిట్రిప్టిలిన్ అలా వ్యసనంగా మారదు. జోడు మందు చేసిన పాపం దాని నెత్తిన పడుతోంది.

చిన్న మోతాదు కదా అని భయం పూర్తిగా వదలకూడదు. నోరెండిపోవడం, మలబద్ధకం అందరూ చెప్పేవే. అరవై దాటిన మగవాళ్ళకు ప్రోస్టేట్ పెరిగి ఉంటే ఒక్కోసారి మూత్రం బిగుసుకుపోయి అర్ధరాత్రి క్యాజువాలిటీకి పరుగెత్తాల్సి వస్తుంది, గొట్టం వేస్తే గాని తీరదు. నీటికాసుల జబ్బు ఉన్నవాళ్ళు, గుండె లయ తప్పినవాళ్ళు ముందే చెప్పాలి. రాత్రి బాత్రూముకు లేచి తూలి తుంటి విరగ్గొట్టుకునే వయసులో 25 కూడా ఎక్కువే. ఈ మందు చెమటను కూడా కొంత బిగిస్తుంది. విజయవాడ, గుంటూరు వడగాడ్పుల మే నెలలో, రేకుల షెడ్డులో మగ్గం నేసే పెద్దమనిషికి చెమటే రక్షణ. ఆ నెలల్లో మోతాదు గురించి ఓసారి అడగడం మంచిది. ట్రామడాల్‌తో కలిపితే వేరే ప్రమాదం, అది నొప్పి చీటీల్లో దీని పక్కనే ఉంటుంది. ఒకేసారి ఎక్కువ మింగితే గుండెను ఆపగల మందు కాబట్టి మూడు నెలలకు సరిపడా ఇంట్లో పోగేయకూడదు, పిల్లలకు అందేచోట అసలే ఉంచకూడదు.

ఇన్ని చెప్పాక కూడా నా మొగ్గు ఎందుకు ఈ మాత్ర వైపే ఉందంటే, దాని స్థానంలో ఇక్కడ జనం వాడేది చూడండి. నొప్పి అనగానే ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, వారానికి రెండుసార్లు. విజయవాడకు ఎగువన ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీలు చెడినవాళ్ళు ఇళ్ళిళ్ళా ఉన్నారు. అక్కడి జబ్బుకు కారణం ఏదైనా కానీ, దెబ్బతిన్న కిడ్నీకి ఆ సూది విషమే. కిడ్నీ బాగా తగ్గినవాళ్ళకు డులోక్సెటిన్ కూడా పనికిరాదు, ప్రీగబాలిన్‌ను బాగా తగ్గించి ఇవ్వాలి. అలాంటి ఒంట్లో నరాల మంట ఉంటే, చూసుకుంటూ వాడే 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మిగిలిన కొద్ది దారుల్లో ఒకటి.

వాడేవాళ్ళకు పనికొచ్చేవి రెండు మూడున్నాయి. పడుకునే ముందు కాకుండా రాత్రి ఏడెనిమిది గంటలకే వేసుకుంటే తెల్లారాక మబ్బు తగ్గుతుంది. పదితో మొదలుపెట్టి, వారానికి పది చొప్పున డాక్టరు పెంచితే ఎక్కడ ఆగాలో ఒంటికే తెలుస్తుంది. చాలామందికి 25, 30 దగ్గరే తేలిపోతుంది. తగిన మోతాదుకు చేరి ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచినా మంట తగ్గకపోతే ఆ మందు వాళ్ళది కాదు, మార్చాలి. తగ్గితే కొన్ని నెలలకోసారి తగ్గించి చూడాలి. మన చీటీల మీద మొదలుపెట్టిన తేదీ ఉంటుంది, ఆపే తేదీ ఉండదు. ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కాక రెండు మూడు వారాలు తీసుకుని దించాలి. ఆ వారాల్లో నిద్ర కాస్త చెదరడం, పిచ్చి కలలు రావడం మందు దిగుతున్నప్పటి తంతే. జబ్బు తిరగబెట్టిందనుకుని మూడో రోజుకే మళ్ళీ షాపు ముందు నిలబడి పాత షీటు అడిగేవాళ్ళుంటారు. అలా ఐదేళ్ళు గడిచిపోతాయి.